బండల సందులలోని కలుపు

జూను నెలలో తొలకరి వానలు పడి, వేసవి సెలవుల అనంతరము పాఠశాలలు తెరచునప్పటికి ఆవరణలలో ఒక మార్పు కనిపించును. ఏప్రిలులో బోడిగా ఉండిన కాలిబాటల వెంట, జెండా కంబము చుట్టును, నీళ్ల కుళాయి ప్రక్కను, బండకును బండకును నడుమగల సన్నని సందులలో పచ్చని గీతలు బయలుదేరును. ఆగస్టు 15వ తేదీ ఉత్సవము దగ్గరపడునప్పటికి వానిలో కొన్ని మోకాలెత్తు పెరుగును. అప్పుడు బాగుచేయు తొందరలో ఒకరు ఉప్పు చల్లుదమందురు. ఒకరు మరుగుదొడ్డి కడుగు ఆమ్లము పోయుదమందురు. మరియొకరు పొలములో వాడగా మిగిలిన కలుపుమందు డబ్బా తెత్తురు. ఈ మూడును మొక్కను మాడ్చగలవు. కాని మూడింటివలనను వేరువేరు అపాయములు గలవు. అంతకంటె ముఖ్యమైన సంగతి యేమనగా, ఈ మూడింటిలో ఏదియు సందును మూయజాలదు. సందు ఉన్నంతకాలము మొక్క తిరిగి వచ్చుచునే యుండును.

కావున కలుపును తొలగింపదలచినవారు మొదట రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ మొక్క ఇచట ఎట్లు బ్రతుకుచున్నది? తీసివేసిన తరువాత ఏ భాగమునుండి తిరిగి లేచును? ఈ రెండింటికి సమాధానము తెలిసినచో, విషములతో పనిలేకయే కలుపును అదుపు చేయవచ్చును.

సందులో మొక్క ఎట్లు బ్రతుకును?

చూచుటకు సందు బీదనేలవలె కనిపించును. నిజమునకు అది మొక్కకు మంచి ఆశ్రయము. గాలి తెచ్చిన దుమ్ము, పాదముల వెంట వచ్చిన మట్టి, రాలి నలిగిన ఆకుల పొడి, చీమలు తోడి పోసిన మన్ను ఇవన్నియు సందులో చేరి గట్టిపడును. చీపురు బండ పైభాగమును శుభ్రపరచునే గాని సందులోని మట్టిని తీయదు. ఒక్కొక్కప్పుడు మట్టిని సందులోనికి నెట్టును గూడ.

ఇక నీటి విషయము. అరువది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల ఒక నాపరాతి బండను తీసికొందము. దానిపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో 3.6 లీటర్ల నీరు పడును. బండ నీటిని దాదాపుగా పీల్చుకొనదు. ఆ నీరు అంచులకు పారి సందులలోనికి దిగవలసినదే. సందు వెడల్పు ఒక సెంటీమీటరు అనుకొన్నచో, ఒక్కొక్క బండ వంతునకు వచ్చు సందు వైశాల్యము 121 చదరపు సెంటీమీటర్లు. బండ వైశాల్యము 3,600 చదరపు సెంటీమీటర్లు. అనగా సందులోనికి, దానిపై నేరుగా పడిన వానకు సుమారు ముప్పది రెట్లు నీరు ప్రక్కనుండి చేరగలదు. వాలు వెంట కొంత పారిపోయినను మిగిలినది తక్కువ కాదు. పైగా దిగిన నీరు ఎండకు ఆవిరి కాకుండ బండయే మూతవలె కాపాడును. ప్రక్కన పోటీకి వేరు మొక్కలు లేవు. నీడ చేయు చెట్లు లేవు. విత్తనమునకు ఇంతకంటె ఏమి కావలెను?

వేరు రాతిని చీల్చునని మన మందరము వినియున్నాము. ఇందులో కొంత నిజమును, కొంత అతిశయోక్తియు గలదు. జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఫెఫర్ వేళ్లను జిప్సముతో పోతపోసి, అవి పెరుగుచు కలిగించు ఒత్తిడిని కొలిచి 1893లో ప్రకటించెను. పెరుగు వేరు సాధారణముగా చదరపు సెంటీమీటరునకు 5 నుండి 10 కిలోగ్రాముల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగింపగలదు. జీవకణములు నీటిని పీల్చుకొని ఉబ్బుటయే ఈ శక్తికి మూలము. గట్టి రాతిని పగులగొట్టుటకు ఇది చాలదు. కాని ముందే యున్న చీలికలో దూరిన వేరు ఏటేట లావెక్కుచు దానిని వెడల్పు చేయును. కదలియున్న బండను పైకి లేపును. లేచిన బండ అంచు తగిలి పిల్లలు పడుదురు. కలుపు తీయుట కేవలము అందము కొరకే గాదని దీనివలన తెలియుచున్నది.

సందులలో జీవించుట మొక్కల స్వభావమును గూడ మార్చగలదు. ఫ్రాన్సు దేశమున మాంట్‌పెల్యే నగరములో కాలిబాటల వెంట నాటిన చెట్ల మొదళ్లయందలి చిన్న మట్టిజాగాలలో క్రెపిస్ సాంక్టా అను ఒక పసుపు పూల మొక్క పెరుగును. ఇది రెండు రకముల విత్తనముల నిచ్చును. తేలికయైనవి దూదివంటి నూగుతో గాలిలో ఎగురును. బరువైనవి తల్లి మొదటనే రాలును. నగరములో ఎగిరిన విత్తనము చాలవరకు గట్టినేలపై పడి వ్యర్థమగును. మొదట రాలినది మట్టిలోనే పడును. నగరములోని మొక్కలు పల్లెలోని వాటికంటె హెచ్చు పాలు బరువు విత్తనముల నిచ్చుచున్నవనియు, ఈ మార్పు కొలది తరములలోనే వచ్చినదనియు అచటి శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించిరి. పరిణామము కోట్ల సంవత్సరములలో మాత్రమే జరుగునని తలచు విద్యార్థులకు ఇది మంచి ఉదాహరణము.

మూడు తెగల మొక్కలు

మన బండల సందులలో మొలచు మొక్కలను, అవి తిరిగి లేచు విధమునుబట్టి, మూడు తెగలుగా విభజింపవచ్చును.

మొదటి తెగ విత్తనముచే మాత్రమే వచ్చునవి. నేల ఉసిరి, కుప్పింటాకు, వయ్యారిభామ ఈ తెగలోనివి. వీనిని వేరుతో పెరికినచో ఆ మొక్క కథ ముగియును. కాని పూచి కాచిన పిమ్మట పెరికినచో, మనమే విత్తనములను చల్లినవార మగుదుము. 1950ల నడుమ పూనా ప్రాంతమున మన దేశములో గుర్తింపబడిన వయ్యారిభామ ఈనాడు దేశమంతట వ్యాపించుటకు కారణము దాని విత్తన సంపదయే. ఒక పెద్ద మొక్క వేలకొలది విత్తనముల నిచ్చును.

రెండవ తెగ నేలలోపల దాపుడు గలవి. గరికకు నేలపై ప్రాకు కాండములును, నేలలో ప్రాకు కాండములును గలవు. వాని ప్రతి కణుపునందును మొగ్గ యుండును. తెగిన ముక్కలో ఒక్క కణుపు మిగిలినను చాలును. తుంగకు నేలలో గొలుసువలె గడ్డ వెంట గడ్డ యుండును. పైయాకు లాగినచో అది తెగి చేతికి వచ్చును; గడ్డ మాత్రము లోపలనే యుండును. లీరాయ్ హోమ్ అను శాస్త్రవేత్తయు, ఆయన సహచరులును 1977లో ప్రపంచములోని అతి చెడ్డ కలుపు మొక్కలను వర్ణించుచు తుంగకు ప్రథమ స్థానము నిచ్చిరి. అటికమామిడి కూడ లావైన తల్లివేరులో ఆహారమును దాచుకొని, పైభాగము పోయినను మరల చిగుర్చును.

మూడవ తెగ చెట్లగునవి. రావి, మర్రి పండ్లను తిన్న పక్షుల రెట్టలతో వీని విత్తనములు గోడల బీటలలోనికిని, మెట్ల సందులలోనికిని చేరును. నాలుగు ఆకులున్నప్పుడు రెండు వ్రేళ్లతో తీయదగిన ఈ మొక్క, రెండు మూడు సంవత్సరములు ఉపేక్షించినచో గోడరాళ్లను కదల్చును. అప్పుడు దానిని బలవంతముగా పెరికినచో గోడయే పడవచ్చును. అట్టిదానిని తాపీమేస్త్రీకి చూపి, రాళ్లు సడలించి వేరుతో తీయించి, తిరిగి కట్టించుట మంచిది.

ఉప్పును, ఆమ్లమును

ఉప్పు మొక్కను ఎట్లు చంపునో ద్రవాభిసరణమును చదివిన విద్యార్థికి తెలియును. మట్టిలోని నీటియందు ఉప్పు హెచ్చైనచో వేరులోనికి నీరు రాదు. ఉన్న నీరు బయటకు పోవును. మొక్క వాడి చచ్చును. కాని ఉప్పు చావదు, కుళ్లదు, ఎగిరిపోదు. వానకు కరగి ప్రక్కనున్న పూలమొక్కల మొదళ్లకు చేరును. బంకమట్టిలోని కాల్షియము స్థానమున సోడియము చేరి మట్టి రేణువులను విడదీయగా, నేల నీరింకని గట్టినేల యగును. రాతి సూక్ష్మరంధ్రములలో ఉప్పు స్ఫటికములు కట్టి రాతిని పొడిపొడిగా రాల్చును. సిమెంటు కాంక్రీటులోని ఇనుప కడ్డీలకు క్లోరైడు తగిలినచో త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె హెచ్చు చోటు ఆక్రమించును గనుక కాంక్రీటు పెచ్చులూడును. ఒక్క గరికదుబ్బు కొరకు ఇంత నష్టము అనవసరము.

ఆమ్లముల సంగతి మన ప్రాంతములలో మరింత ముఖ్యమైనది. తాండూరు బండలు, కడప బండలు, బేతంచెర్ల బండలు మున్నగు నాపరాళ్లు సున్నపురాతి జాతికి చెందినవి. అనగా వానిలో ముఖ్య పదార్థము కాల్షియం కార్బొనేటు. దానిపై ఆమ్లము పడినచో ఏమగునో ప్రయోగశాలలో మనము చూపుచునే యున్నాము. నురుగుతో బొగ్గుపులుసు వాయువు వెలువడి, రాయి కరగును. వంటింటి వెనిగరులో 4, 5 పాళ్లు మాత్రమే ఎసిటిక్ ఆమ్ల ముండును. అదియు నాపరాతి నునుపును పోగొట్టును. మొక్క విషయములో అది ఆకును మాడ్చునే గాని గడ్డను చేరదు. మరుగుదొడ్డి కడుగుటకు వాడు హైడ్రోక్లోరిక్ ఆమ్లము రాతిని, సిమెంటును త్వరగా తినివేయుటయే గాక, దాని పొగ కన్నులకును, ఊపిరితిత్తులకును హాని చేయును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఆమ్లము పోసిన చోట బ్లీచింగు పౌడరు చల్లరాదు. బ్లీచింగు పౌడరు చల్లిన చోట ఆమ్లము పోయరాదు. రెండును కలిసినచో క్లోరీను వాయువు పుట్టును. అది పచ్చని వర్ణము గల విషవాయువు. గాలికంటె బరువైనది గనుక నేలను అంటి, పిల్లల ముఖముల ఎత్తుననే నిలుచును. పాఠశాలలలో ఈ రెండు పదార్థములును తరచు ఒకే గదిలో ఉండును. వానిని వేరువేరుగా, తాళము వేసి యుంచవలెను.

మరుగు నీరును, మంటయు

మరుగు నీటిలో విషము లేదు. మొక్కలోని మాంసకృత్తులు అరువది డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున చెడిపోవును. కణముల పొరలు పగులును. ఆకు ఉడికి వ్రాలును. లేత మొలకలకు ఇది తగిన ఉపాయమే. అయితే తుంగగడ్డ విషయములో ఇది ఏల విఫలమగును? లెక్క వేసి చూతము. ఒక లీటరు మరుగు నీరు 100 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు చల్లారునప్పుడు 40 కిలోకెలోరీల వేడి నిచ్చును. పైన చెప్పిన బండ రెండున్నర సెంటీమీటర్ల మందము గలదైనచో దాని బరువు సుమారు 24 కిలోగ్రాములు. రాతి విశిష్టోష్ణము నీటిలో అయిదవ వంతు. ఆ బండను 30 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 145 కిలోకెలోరీలు కావలెను. అనగా ఒక్క బండయే మూడున్నర లీటర్లకు పైగా మరుగు నీటి వేడిని మ్రింగగలదు. కావున వేడి గడ్డను చేరకమునుపే రాతిలో పోవును.

మరుగు నీటిని వాడదలచినచో మూతియు, కొమ్మునుగల పాత్రతో, బూట్లు తొడిగిన పెద్దవారు మాత్రమే పోయవలెను. విద్యార్థులచే ఈ పని చేయింపరాదు. మంటతో కాల్చుట అంతకంటె అపాయకరము. ఎండుగడ్డి అంటుకొనును, తడి నిలిచిన రాయి వేడికి పెచ్చులుగా ఎగురును.

కలుపుమందుల మాట

కలుపుమందులు పొలములకొరకు ఉద్దేశింపబడినవి. గ్లైఫోసేట్ అను మందు, మొక్కలు కొన్ని అవసరమైన అమినో ఆమ్లములను తయారుచేసికొను మార్గమున ఒక ఎంజైమును అడ్డగించును. మట్టిలో పడినప్పుడు అది మట్టి రేణువులకు గట్టిగా అంటుకొనును. కాని బండపై మట్టి ఏది? రాతిపై పడిన మందు తరువాతి వానకు నేరుగా మురుగుకాలువలోనికిని, అచటినుండి చెరువులోనికిని పోవును. గట్టినేలలపై కలుపుమందులు చల్లుట పొలములో చల్లుటకంటె నీటికి హెచ్చు హాని యగుటకు ఇదియే కారణము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను మనుష్యులకు బహుశః క్యాన్సరు కలిగించు పదార్థముల తరగతిలో చేర్చినది. కొన్ని దేశముల నియంత్రణ సంస్థలు ఈ అభిప్రాయముతో ఏకీభవింపలేదు. మన కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో, దీనిని శిక్షణ పొందిన చీడ నివారణ నిర్వాహకుల ద్వారా మాత్రమే వాడవలెనని ఉత్తర్వు వెలువరించినది. ఫ్రాన్సులో 2017 జనవరి 1వ తేదీనుండి ప్రభుత్వ వీధులలోను, ఉద్యానములలోను రసాయనిక కలుపుమందులు నిషేధింపబడినవి.

2,4-డి అను మందు యొక్క తుంపరయు, కొన్ని రూపములలో దాని ఆవిరియు గాలికి కొట్టుకొనిపోయి ప్రక్క చేనిలోని ప్రత్తిని ముడుచుకొనునట్లు చేయును. పారాక్వాట్ సంగతి వీనన్నింటికంటె భయంకరమైనది. ఒక్క గుక్క లోనికి పోయినను ఊపిరితిత్తులు క్రమముగా గట్టిపడి మనుష్యుడు చనిపోవచ్చును. దానికి విరుగుడు మందు లేదు. ఐరోపా సమాజములో 2007నుండి దాని వాడుక లేదు. ఇట్టి మందును శీతల పానీయపు సీసాలో పోసి పాఠశాలకు తెచ్చుట ఎంతమాత్రము కూడదు.

ఉపాధ్యాయులు పిల్లలకు ఒక గుర్తు నేర్పవలెను. 1971 నాటి నియమముల మేరకు మన దేశములో ఇట్టి మందుల డబ్బాలపై మూలమీద నిలిచిన చతురస్ర ముండును. దాని క్రింది సగమునందలి రంగు విషతీవ్రతను తెలుపును. ఎరుపు మిక్కిలి తీవ్రము, పసుపు దాని తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. ఆకుపచ్చ యనగా విషము లేదని అర్థము కాదు. ఈ రంగు ఎలుకలలో వెంటనే కలుగు ప్రాణహానినిబట్టి నిర్ణయింపబడినది.

చేతితో తీయు పద్ధతి

ఇక మిగిలినది పాతదే యైనను అన్నింటిలో మేలైనది. వాన కురిసిన మరునాడు మట్టి మెత్తగా ఉన్నప్పుడు పని ప్రారంభింపవలెను. మొదట సందు వెంట కర్రతో తట్టవలెను. లేచిన బండల క్రింద తేళ్లు, జెర్రులు, ఒక్కొక్కప్పుడు పాములు ఉండును. కావున కనిపించని చోట చేయి పెట్టరాదు. మందమైన చేతొడుగులు, పూర్తి చేతుల చొక్కా ధరింపవలెను. వయ్యారిభామ తగిలినచో కొందరికి చర్మముపై దురద, దద్దురులు వచ్చును. దాని పుప్పొడి ఉబ్బసమును రేపును. ఉబ్బసముగల విద్యార్థులను ఈ పనికి పంపరాదు.

సన్నని బొరిగెను గాని, పాత కొడవలి మొనను గాని సందులో దింపి, వేరు చుట్టునున్న మట్టిని వదులుచేసి, మొక్కను మొదట పట్టి నిదానముగా లాగవలెను. మొదటి తెగ మొక్కలను పూతకు ముందే తీయవలెను. తుంగ, గరికల విషయములో ఒక్కసారి తీసి ఊరకున్న లాభము లేదు. గడ్డ యనునది ధాన్యము నిలువచేసిన గాదె వంటిది. కొత్త ఆకును పంపుటకు మొక్క ఆ గాదెనుండి కొంత వ్యయము చేయును. ఆకు పెద్దదై కిరణజన్య సంయోగక్రియచే అప్పు తీర్చకమునుపే దానిని తీసివేసినచో గాదె తరుగును. రెండు మూడు వారముల కొకసారి ఒక ఋతువంతయు ఇట్లు చేసినచో గడ్డ క్షీణించును. బయటకు వచ్చిన గడ్డలను ఎరువుగుంటలో వేయక, కొన్ని దినములు బండపై ఎండలో పూర్తిగా ఎండబెట్టవలెను. విత్తనము పట్టని మిగిలిన మొక్కలు మంచి కంపోస్టు అగును.

సందును మూయుట

మొక్క పోయిన వెంటనే సందును విడిచిపెట్టరాదు. మూడు నాలుగు సెంటీమీటర్ల లోతువరకు మట్టిని గోకి, కడిగి, ఒక పాలు సిమెంటు మూడు పాళ్లు ఇసుక కలిపిన గారతో నింపి, ఏడు దినములు తడుపవలెను. తడి సిమెంటు క్షారగుణము గలది; చర్మమును కాల్చును గనుక చేతొడుగు లుండవలెను. అయితే అన్ని సందులను మూయుటయు మంచిది కాదు. వాననీరు ఇంకవలసిన చోట ముతక ఇసుకగాని, సన్నకంకరగాని నింపుట మేలు. చెట్ల మొదళ్ల చుట్టును బండలే పరవరాదు. కంకర నింపిన సందులలో దుమ్ము చేరకుండ వారమున కొకసారి ఊడ్చి, ఆ మట్టిని ఎత్తివేయవలెను. మట్టి లేనిచోట విత్తనము మొలకెత్తినను నిలువలేదు.

ప్రతి మొక్కను తీయవలెనను నియమము లేదు. నడకకు అడ్డము రాని మూలలో గడ్డిచామంతి పూయుచున్నచో సీతాకోకచిలుకలకు తేనె దొరకును. పిల్లల పాదములకు గ్రుచ్చుకొను పల్లేరును, వయ్యారిభామను, గోడనంటిన రావిమొక్కను, బండలను లేపు దుబ్బులను మాత్రము వదలరాదు.

విద్యార్థులకు ఒక పరీక్ష

జూలై మొదటి వారమున ఒకే రకపు సందులో ఒక్కొక్క మీటరు పొడవుగల నాలుగు భాగములను సుద్దతో గుర్తింపుడు. మొదటి దానిని తాకకుడు. రెండవ దానిలో ఆకులను మాత్రము కోయుడు. మూడవ దానిలో వేరుతో తీయుడు. నాల్గవ దానిలో వేరుతో తీసి, మట్టిని గోకి ఇసుకతో నింపుడు. ఎనిమిది వారములపాటు ప్రతి సోమవారమును ఒక్కొక్క భాగములో మొక్కలెన్ని, అవి ఏ తెగలోనివి, విత్తనమునుండి వచ్చినవా గడ్డనుండి వచ్చినవా అని పట్టికలో వ్రాయుడు. వారపు వర్షపాతమును ప్రక్కనే వ్రాయుడు. వీలైనచో ఇదే పరీక్షను రెండు మూడు చోట్ల చేయుడు. ఒక్క చోటి ఫలితము ఎండవలననో నీడవలననో మారియుండవచ్చును. సెప్టెంబరునాటికి రెండవ భాగమును మూడవ దానితోను, మూడవ దానిని నాల్గవ దానితోను పోల్చినచో, మీ ఆవరణలో కలుపు తిరిగి వచ్చుటకు మిగిలిన వేరు కారణమో, సందులోని మట్టి కారణమో మీ అంకెలే తెలుపును.